గడువు చీటీ

ఆ పుస్తకాల వెనక అట్టకి అంటించిన గడువు చీటీలో
ఇరవై ఏడేళ్లూ ఒకటే పేరు:
జల్లేపల్లి వరహాలమ్మ, చరిత్ర శాఖ.
ముద్ర కొట్టింది నేనే.
ఇంకెవ్వరూ అడగలేదు వాటిని.
శ్రీకాకుళంలో ఎవరికి కావాలి
యూదుల బడుల చరిత్ర?

కమిటీలూ అదే అడిగాయి, మూడుసార్లు.
"మన జిల్లాలో ఒక్క యూదుడైనా లేడు కదమ్మా?"
"బళ్లున్నాయి కదండీ" అందిట.
మూడుసార్లూ ప్రమోషన్ రాలేదు.

పొందూరు మనిషి.
వాళ్లమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతుంటే
పక్కన కూర్చుని
కుడి నుంచి ఎడమకి నడిచే అక్షరాలు దిద్దేది.
"ఎనక నుంచి సదువుతావేటే, గుంటా?"
"రాట్నం నువ్వెటు తిప్పుతావే?"
అంతటితో తల్లి నోరు మూసుకుందని చెప్పేది.
నాకు నమ్మకం లేదు. ఆ ముసిల్ది ఊరుకునే రకం కాదు.

ఆమదాలవలసలో తెల్లారగట్ల పాసింజరు,
విశాఖలో ఒక ముసలి ఫాదరు దగ్గర హీబ్రూ,
చీకటి పడ్డాక తిరుగు బండి.
వానకి తడవకుండా నిఘంటువు టిఫిను డబ్బాలో,
చద్దన్నం అరిటాకులో.
ఆరేళ్లు.

ఏం రాసిందో నేను చదవలేను. నా చదువు ఐదు.
టీ తాగుతూ చెప్పేది:
తరిమితే ఊరు వదిలారు,
కొత్త ఊళ్లో పొయ్యి రాజేశారు, పక్కనే బడి పెట్టారు,
పంతులు జీతానికి పన్ను వేసుకున్నారు.
పిల్లలు లేనివాడూ కట్టాడు.
"పిల్లల్లేనోడెందుకు కట్టాలమ్మా?"
"నా థీసిసంతా అదే, సింహాద్రీ."
ఆమెకి పిల్లల్లేరు.

ఎచ్చెర్ల వైపు ఒక బడిలో
ఎనభై ముగ్గురు గుంటలకి ఒక్క మేష్టరు.
పెద్దాఫీసుకి అర్జీ రాసింది:
ఇరవై ఐదుగురికి ఒక గురువు,
నలభై అయితే చేతికింద మరొకరు.
"ఏ జీవో మేడమ్ ఇది?"
"పదహారొందల ఏళ్ల కిందటిదండీ. ఇంకా రద్దు కాలేదు."
మేష్టర్ని వెయ్యలేదు.
క్లాసు లేని పూట తనే వెళ్లేది, ఆటోలో,
సుద్దముక్కలు కొంగున కట్టుకుని.

మా నూకరత్నం పలక పట్టిన రోజు
సీతంపేట సంతలో కొన్న తేనె పట్టుకొచ్చింది.
వేలితో పలక మీద 'అ' రాసి
"నాకు" అంది.
"వాళ్లిలాగే మొదలెట్టేవారు.
చదువు చేదని ఎవరైనా చెప్పేలోపే."
గుంట సగం నాకి వీధిలోకి పరిగెత్తింది.
రాత్రి కరెంటు పోయి దీపం పట్టుకుని చూస్తే
మిగిలిన సగం మీద చీమలు,
నల్లగా, బారుగా,
అక్షరం ఎటు వంగితే అటు వంగి.

రిటైరైన మూడో ఏడు పోయింది.
ఆ వేసవిలోనే కొత్త ప్రిన్సిపాలు జాబితా తీశాడు:
ఎవరూ చదవనివి, కిలో తొమ్మిది రూపాయలు.
ఏడు రోడ్ల జంక్షన్లో పల్లీల పొట్లాలకి
కాగితం గట్టిదేనట.

ఒకసారి చెప్పింది నాకు.
వాళ్లు చిరిగిన కాగితాన్ని పారెయ్యరట.
దేవుడి పేరుంటే కాల్చరట.
ఒక గదిలో దాచి, గది నిండాక
మనిషిని పూడ్చినట్టే పూడుస్తారట.

నలభై ఒక్క కిలోలు.
మూడొందల అరవై తొమ్మిది నా జేబులోంచే కట్టాను.
దేవుడి పేరు ఏ పేజీలో ఉందో నాకు తెలీదు,
అందుకని అన్నీ.

పూడ్చలేదు. మంచం కింద ఉండేవి.
నాగావళి పొంగిన ఏడు అటకెక్కించాను.
నూకరత్నం చెదలమందు కొడుతూ తిడుతుంది.
తేదీ ముద్ర కూడా నా దగ్గరే ఉంది,
కాలేజీ సొమ్మే, ఎవరికీ చెప్పకండి.
పద్నాలుగు రోజులకోసారి నిచ్చెన వేసుకుని
ఆవిడ పేరు మీదే గడువు పొడిగిస్తున్నాను.

సిరా అయిపోవస్తోంది.
ఆ రకం ప్యాడు ఇప్పుడు బజార్లో దొరకడం లేదు.